బెల్టు మీద భోజనం

పులుపు కలిపిన అన్నం ముద్ద మీద చేపముక్క పెడితే సుషీ. జపాన్‌లోని ఒసాకాలో యోషియాకి షిరైషి అనే హోటలాయన, బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద సాగిపోవడం చూసి, 1958లో సుషీ పళ్లేలనూ అలాగే తిప్పాడు. వడ్డించేవాళ్లు తగ్గారు, ధరా తగ్గింది. 1970 ఒసాకా ఎక్స్‌పో ప్రపంచ ప్రదర్శనతో ఈ పద్ధతికి దేశమంతా పేరొచ్చింది.

ఇలాంటి హోటల్లో కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు. కప్పులో గ్రీన్ టీ పొడి వేసుకుని, బల్లకున్న కుళాయి నొక్కితే సలసలలాడే నీళ్లు, చెయ్యి జాగ్రత్త! నచ్చిన పళ్లెం అందుకోవడమే. చాలాచోట్ల పళ్లెం రంగును బట్టి ధర. చివర్లో ఖాళీ పళ్లేలు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. సోయా సాస్‌లో అన్నం వైపు కాదు, చేప వైపు అద్దాలి. లేకపోతే ముద్ద విడిపోతుంది. శాకాహారులు కీరదోస చుట్టలు అడగొచ్చు. టిప్పు ఇవ్వబోతే మాత్రం మర్యాదగా వెనక్కిచ్చేస్తారు.