సబ్బు అచ్చు: ఎంపిక, తయారీ, జాగ్రత్త
(స్వయం సహాయక బృందాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరుకూ సబ్బుకూ ఉన్న సంబంధం నూరేళ్ల నాటిది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గంధపుచెక్క ఎగుమతికి ఆటంకం ఏర్పడగా, మైసూరు సంస్థానం ఆ చెక్కనుండి తానే నూనె తీయించడానికి పూనుకొన్నది. నాల్వడి కృష్ణరాజ ఒడయరు పాలనలో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న రోజులవి. ఆ నూనెనుండే మైసూరు గంధపు సబ్బు పుట్టింది. కోడిగుడ్డు వాటపు ఆ బిళ్ళను కళ్ళు మూసుకొని తాకినా గుర్తుపట్టవచ్చు. సబ్బుకు వాసన ఎంత గుర్తో, ఆకారమూ అంతే గుర్తు. ఆ ఆకారాన్ని ఇచ్చేది అచ్చు.

ఇంట్లో సబ్బు చేసేవారు నూనెల విషయంలో చూపే శ్రద్ధను అచ్చు విషయంలో చూపరు. చేతికందిన గిన్నెలో పోసి చూద్దామనుకొంటారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అచ్చులో పోసే మిశ్రమం ఇంకా సబ్బు కాదు. అందులో కాస్టిక్ సోడా ఒకటి రెండు రోజులపాటు తన పని చేస్తూనే ఉంటుంది. కనుక అచ్చును ఎన్నుకొనేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న అందం గురించి కాదు; ఈ పాత్ర కాస్టిక్ సోడాకు తట్టుకొంటుందా అన్నదే.

అల్యూమినియం తట్టుకోదు. కాస్టిక్ సోడా దానిని తినివేస్తుంది. హైడ్రోజన్ వాయువు వెలువడి మిశ్రమం నురగలుకట్టి పొంగుతుంది. గుండ్రని చిన్న సబ్బులకు ఇడ్లీ రేకులు అనువుగా కనబడతాయి గాని, వాటిలో అల్యూమినియంవి పనికిరావు. జింకు పూత ఉన్న రేకు డబ్బాలు, లోపల వెండిరంగు పూత మెరిసే మిఠాయి పెట్టెలు కూడా పనికిరావు. రాగి, ఇత్తడి పాత్రలలో పోస్తే సబ్బులోని నూనె త్వరగా పాడై మక్కువాసన కొడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తట్టుకొంటుంది గాని సబ్బు దానినుండి సులభంగా ఊడిరాదు.

నమ్మదగినవి మూడు: చెక్క, సిలికాన్, మందపాటి ప్లాస్టిక్. ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో 2 గాని 5 గాని అంకె ఉంటే దానిని వాడవచ్చు. సిలికాన్ అచ్చుకు లోపల కాగితం పరచనక్కరలేదు. వెనక్కి వంచితే బిళ్ళ బయటికి వస్తుంది. అయితే పొడవాటి సిలికాన్ అచ్చు బరువుకు పక్కలు ఉబ్బుతుంది. దానిని చెక్కపెట్టెలో దించి పోయాలి. చిన్న గుంటల అచ్చులలో వేడి నిలువదు. సబ్బు నెమ్మదిగా గట్టిపడుతుంది, పైన తెల్లని పొడి తేలవచ్చు. చెక్క వేడిని పట్టి ఉంచుతుంది. ఎక్కువ బిళ్ళలు ఒకేసారి కావాలనుకొనేవారికి చెక్కపెట్టెయే మేలు.

ఆ పెట్టెను ఇంట్లోనే చేసుకొనవచ్చు. 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ చాలు. అడుగు పలక 27.4 సెంటీమీటర్ల పొడవు, 10.4 వెడల్పు. దానిమీద నిలబెట్టే పొడవు పలకలు రెండు, ఒక్కొక్కటి 27.4 పొడవు, 8 ఎత్తు. వాటి నడుమ రెండు కొసలలో 8 పొడవు, 8 ఎత్తు గల పలకలు. లోపల 25 పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు గల ఖాళీ ఏర్పడుతుంది. మేకులు కొట్టక మరలు బిగించాలి. మరలు విప్పితే పక్క పలక ఊడివచ్చి, సబ్బు దిమ్మ విరగకుండా చేతికి వస్తుంది. కట్టడపు పనులనుండి ఇంటికి తెచ్చిన సెంట్రింగ్ పలకలు దీనికి తగవు. వాటికి సిమెంటు, నూనె పట్టి ఉంటాయి.

పెట్టె లోపల బేకరీ సామాను దుకాణాలలో దొరికే బటర్ పేపరు పరచాలి. కాగితంలో మడత ఉంటే ఆ మడత సబ్బుమీద అచ్చుపడుతుంది. వార్తాపత్రిక పనికిరాదు, అది తడిసి చిరుగుతుంది, సిరా సబ్బుకు అంటుతుంది.

ఇక కొలత. పెట్టెను అంచువరకు నింపరాదు. పైన 2 సెంటీమీటర్లు వదలాలి. అప్పుడు సబ్బు ఎత్తు 6. పొడవు, వెడల్పు, ఎత్తులను హెచ్చిస్తే 25 × 8 × 6, అంటే 1,200 ఘన సెంటీమీటర్లు. దానిని 0.7తో హెచ్చిస్తే 840. ఆ పెట్టెకు పట్టే మొత్తం నూనెల బరువు సుమారు అన్ని గ్రాములు. పాత లెక్క 1,000 గ్రాముల నూనెకు ఉన్నట్లయితే, ప్రతి నూనెనూ, నీటినీ, కాస్టిక్ సోడానూ 0.84తో హెచ్చించాలి. నూనె మాత్రం తగ్గించి సోడాను అలాగే ఉంచితే ఆ సబ్బు చర్మాన్ని కాలుస్తుంది. నూనె రకం మారితే సోడా లెక్క మళ్ళీ మొదటినుండి వేయాలి. గ్లాసులతో, చెంచాలతో కొలవక త్రాసుతో తూచాలి.

గుండ్రని బిళ్ళలు కోరేవారికి పీవీసీ గొట్టం ఉన్నది. లోపలి వ్యాసం 7.5 సెంటీమీటర్లు ఉండి, 20 ఎత్తువరకు పోస్తే సుమారు 880 ఘన సెంటీమీటర్లు. నూనెలు 615 గ్రాములు చాలు. కింది మూత గట్టిగా బిగించి, లోపల బటర్ పేపరు చుట్టి పోయాలి. మర్నాడు ఊడిరాకపోతే ఒక గంట ఫ్రీజరులో ఉంచి తోయవచ్చు.

24 నుండి 48 గంటలు గడిచాక దిమ్మను తీసి, రెండున్నర సెంటీమీటర్లకు ఒకటిగా కోస్తే ఈ చెక్కపెట్టెనుండి పది బిళ్ళలు వస్తాయి. పచ్చిగా ఒక్కొక్కటి సుమారు 125 గ్రాములు తూగుతుంది. నాలుగు నుండి ఆరు వారాలు గాలి ఆడేచోట ఆరాలి. ఈలోగా తేమ పోయి బరువు తగ్గుతుంది. కోసేటప్పుడు కూడా చేతితొడుగులు తప్పవు.

ఒకే గదిలో వంట, పడక, పిల్లల ఆట అన్నీ సాగే ఇళ్ళు ఈ నగరంలో ఎన్నో. అటువంటి ఇంట్లో నింపిన అచ్చు ఎక్కడ ఉండాలన్నది ముందే నిర్ణయించుకొని గాని పని మొదలుపెట్టరాదు. దానికి మూత ఉండాలి, అది పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. కాస్టిక్ సోడాను ఎన్నడూ తాగునీటి సీసాలో పోయరాదు. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయాలే గాని, సోడామీద నీరు పోయరాదు. కళ్ళద్దాలు, చేతితొడుగులు ధరించి, కిటికీ తెరిచి పనిచేయాలి. ఒంటిమీద చిందితే వెంటనే ధారగా పడే నీటితో చాలాసేపు కడగాలి. కంట పడినా, పిల్లలు మింగినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. మింగినవారిచేత వాంతి చేయించరాదు. అచ్చుగా వాడిన పాత్ర మళ్ళీ వంటకు రాకూడదు. గిన్నెకు అంటిన మిశ్రమాన్ని మురుగుకాలువలో కడిగివేయక, కాగితంతో తుడిచి గట్టిపడనివ్వాలి.

అమ్మదలచినవారు మరొకటి గమనించాలి. స్నానపు సబ్బు చట్టం దృష్టిలో సౌందర్య సాధనం. కనుక సరుకు బజారుకు తేకముందే అనుమతి విషయమై రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగాన్ని సంప్రదించాలి.

పది ఇళ్ళకు పది పెట్టెలు అక్కరలేదు. బృందానికి ఒకే కొలత గల రెండు పెట్టెలు ఉంటే లెక్క ఒక్కటే అవుతుంది, ఎవరు చేసినా బిళ్ళ ఒకే తూకానికి వస్తుంది. కొన్నవారికి కుదిరే నమ్మకం అక్కడినుండే మొదలవుతుంది.