ఒకే ఇంట్లో రెండు గదులు
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం ఉపాధ్యాయులం, కంప్యూటర్ ఇంజనీర్లం కాము. అయినా హార్డ్‌డిస్కు విభజన గూర్చి నాలుగు మాటలు మనవి చేయడానికి కారణమున్నది. ఈనాడు మన పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాల నకళ్లు, సొసైటీ చందాల లెక్కలు, మేము ఇన్‌పేజ్‌లో తయారుచేసే ప్రశ్నపత్రాలు అన్నీ ఒక్క మిషనులోనే ఉంటున్నాయి. అది మొరాయిస్తే షాపుకు తీసుకుపోతాము. "ఫార్మాట్ కొట్టాలి సార్" అంటాడు అక్కడి అబ్బాయి. సరే అంటాము. సాయంత్రానికి మిషను కొత్తదానిలా నడుస్తుంది, లోపల మన కాగితం ఒక్కటీ ఉండదు. ఒక తండ్రి కూలి పని మానుకొని ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చిన పత్రం అసలు కూడా పోయి ఉంటే, మళ్లీ తిరగవలసిందే.

దీనికి ఒక ఉపాయం తక్సీమ్, అనగా విభజన. కొత్త కంప్యూటరులో తరచు 'సి' అనే ఒక్క భాగమే కనబడుతుంది. విండోస్ అందులోనే, మన కాగితాలూ అందులోనే. 'ఎ' ఏమైంది సార్ అని పిల్లలు అడుగుతారు. ఎ, బి అక్షరాలు పూర్వం ఫ్లాపీలకు పోయాయి. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో వచ్చినప్పుడు దానికి 'సి' దక్కింది. ఎం.ఎస్.డాస్ 3.3 కాలంలో ఒక్కో భాగం 32 మెగాబైట్లు మించరాదు గనుక పెద్ద డిస్కును విభజించక తప్పేది కాదు. ఇప్పుడా నిర్బంధం లేదు. మన జాగ్రత్త కోసమే చేసుకుంటాము. విండోస్ 'సి'లో, కాగితాలు 'డి'లో ఉంటే, 'సి'ని మాత్రమే తుడిచి కొత్త విండోస్ ఎక్కించవచ్చు. 'డి' జోలికి పోనవసరం లేదు.

పద్ధతి వినండి. మొదట ముఖ్యమైనవన్నీ బయటి డిస్కులోకి నకలు తీయాలి. ఇది కాకుండా రెండో మెట్టు ఎక్కరాదు. తరువాత స్టార్ట్ బటన్‌మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. 'సి'మీద కుడి క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ అనాలి. అక్కడ అది అడిగేది ఎంత మిగలాలని కాదు, ఎంత తగ్గించాలని, అదీ మెగాబైట్లలో. 200 జీబీ కావాలంటే 200ను 1024తో గుణించి 204800 అని వేయాలి. 512 జీబీ డిస్కు అక్కడ సుమారు 476గా కనబడితే కంగారు పడకండి, లెక్కించే పద్ధతిలో తేడా అంతే. ఖాళీ అయిన చోట న్యూ సింపుల్ వాల్యూమ్ అని, 'రికార్డులు' అని పేరు పెట్టుకోవాలి. పక్కన ఈఎఫ్ఐ, రికవరీ అనే చిన్న భాగాలు కనబడతాయి. వాటిని ముట్టుకోవద్దు.

ఇంతటితో పని అయిపోలేదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ మామూలుగా 'సి'లోనే ఉంటాయి. డెస్క్‌టాప్‌మీద పెట్టి, భద్రంగా ఉందనుకుంటే మోసపోతాము. ఇన్‌పేజ్, నస్తలీక్ ఫాంట్లు కూడా విండోస్‌తోబాటు పోతాయి. వాటి మూల ఫైళ్లు 'డి'లో దాచుకుంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. బిట్‌లాకర్ తాళం ఉన్న మిషనైతే 48 అంకెల రికవరీ కీ కాగితంమీద రాసి బీరువాలో పెట్టాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. అందుచేత అనేక ఆఫీసుల్లో విండోస్ మార్చే పని పడింది. మిషను షాపుకు ఇచ్చేటప్పుడు 'సి మాత్రమే' అని రాసిచ్చి, రెండు భాగాల సైజులూ అందులో వేయండి. ఎందుకంటే విండోస్ ఎక్కించే తెరమీద సి, డి అక్షరాలు కనబడకపోవచ్చు. సైజు చూసి పోల్చుకోవాలి. అన్ని భాగాలూ తీసేస్తే విభజన చేసిన ఫలమేమున్నది?

చివరిగా అసలు మాట. అన్నదమ్ములు వేరుపడి ఇంటి మధ్య గోడ కట్టుకుంటారు. గదులు రెండయినా పునాది ఒకటే, కప్పు ఒకటే. కప్పు కూలితే ఇద్దరిమీదా పడుతుంది. సి, డి కూడా అంతే. డిస్కు కాలిపోయినా, మిషను దొంగలు ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. విభజన ఫార్మాట్ నుంచి కాపాడుతుంది గాని డిస్కు చావునుంచి కాపాడదు. అందుకు వేరే ఇంట్లో ఉండే నకలే దిక్కు.

కార్యవర్గానికి మా మనవి ఇది. ఆఫీసు మిషనులో 'డి' ఏర్పాటు చేయించండి. ఒక బయటి డిస్కు కొని, నెలకొకసారి నకలు తీసే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. ఆ డిస్కు ఆఫీసులో గాక కోశాధికారిగారి ఇంట్లో ఉండాలి. నకలు తీసిన తేదీ మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదని మనందరికీ తెలిసిందే. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం రాకముందే ఇది జరగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.