చెత్త అనుకొన్న చోట దొరికిన జవాబు



మేము డాక్టర్లము కాము, ఉర్దూ బడి పంతుళ్ళము. అయినా ఈ రోజు జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. దానికి కారణముంది.

ఆ మధ్య ఒక తల్లి ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని బడికి వచ్చింది. వాడికి మాటలు రాలేదు, మూర్ఛలు వస్తాయి. ఆమె చేతిలో రిపోర్టుల కట్ట. "మాస్టర్ సాబ్, అన్నిట్లోనూ నార్మల్ అనే రాశారు. రిపోర్టులో లేని లోపం నాలోనే ఉందని ఇంట్లో అంటున్నారు" అన్నది. ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయినాము. తరువాత చదివి తెలుసుకొన్నది మీకు మనవి చేస్తున్నాము.

మన కణాలలోని డి.ఎన్.ఎ. సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథము. ఇందులో ప్రోటీన్లు తయారుచేసే భాగం నూటికి రెండు పాళ్ళకు మించదు. తక్కిన దానిలో చాలా భాగాన్ని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే చెత్త అన్నారు. కాని అక్కడ నుంచి కూడా ఆర్.ఎన్.ఎ. తయారవుతున్నది. అది ప్రోటీన్ చేయదు. ఇతర జన్యువుల పనిని నడిపిస్తుంది.

ఉర్దూలో అలిఫ్, సీన్ రాసి, కింద జేర్ పెడితే 'ఇస్' అంటే 'ఈ'. పైన పేష్ పెడితే 'ఉస్' అంటే 'ఆ'. జేర్, పేష్ అక్షరాల లెక్కలోకి రావు. అవి మారితే మాత్రం అర్థమే మారిపోతుంది. ఈ ఆర్.ఎన్.ఎ. కూడా ఇటువంటిదే అనుకోండి.

1993లో ఆంబ్రోస్, రవ్కున్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక చిన్న పురుగులో ఇటువంటి సూక్ష్మ ఆర్.ఎన్.ఎ. పనితీరును కనిపెట్టినారు. 2024లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 2002లో క్రోచే బృందం ఒక రకం రక్త కాన్సరును పరీక్షించగా, 13వ క్రోమోజోములోని రెండు సూక్ష్మ ఆర్.ఎన్.ఎ.లు చాలామంది రోగులలో లోపించడమో, తగ్గడమో కనబడింది. అవి లేకపోతే చావవలసిన కణాలు చావక పోగుపడతాయి.

ఇక 2024లో ఆర్.ఎన్.యు.4-2 అనే అతిచిన్న జన్యువు సంగతి బయటపడింది. ఇదీ ప్రోటీన్ చేయదు. ఇందులో ఒక్క అక్షరం అదనంగా చేరినా బిడ్డకు బుద్ధి ఎదుగుదల మందగిస్తుంది, చాలామందికి మాట సరిగా రాదు, మూర్ఛలు వస్తాయి. ప్రోటీన్ భాగాన్ని మాత్రమే చదివే పరీక్షలలో ఇది దొరకక పోవచ్చు. అందుకే ఎందరో తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి జవాబు లేక తిరిగినారు.

గమనించండి, ఈ మార్పు దాదాపు ఎప్పుడూ బిడ్డలో కొత్తగా పుట్టేదే. తల్లి తిన్న తిండి వల్ల కాదు, మేనరికం వల్లా కాదు. మేనరికంతో ముప్పు పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి, వాటి జాగ్రత్త వాటికి కావలసిందే.

ఆ తల్లి బిడ్డది ఇదే జబ్బని మేము అనము. అది తేల్చవలసింది జన్యు వైద్యులు. రిపోర్టు నార్మల్ అంటే వెదికిన చోట దొరకలేదని మాత్రమే అర్థమని ఆమెకు చెప్పినాము. ఏ భాగం చదివారో, మొత్తం జన్యుగ్రంథాన్ని చదివే పరీక్ష అవసరమో కాదో డాక్టరుగారిని అడగమన్నాము. పేరు తెలిసినంతనే జబ్బు నయం కాదు. కాని చేయని నేరానికి ఆమె పడే నింద తప్పుతుంది.

మన ఇళ్ళలో ఇటువంటి బిడ్డ ఉంటే, తల్లిని అనే ముందు ఒక్కసారి ఈ మాట తలచుకోండి. సెలవు.