నీలికాంతి – నెత్తురందని అవయవము

కాలేయమునకు శస్త్రచికిత్స చేయునపుడు వైద్యుడు దానికి పోవు నెత్తురును కొంతసేపు బిగించి ఆపవలసివచ్చును. ఆపినపుడు కలుగు చేటు ఒకటి. మరల వదలినపుడు తెల్లకణములు మూకగా వచ్చిపడి చేయు చేటు మఱియొకటి.

2016లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని చుంచెలుకలను ముందుగా 24 గంటలు 1,400 లక్సుల నీలికాంతిలో నుంచిరి. మీటరు దూరమునుండి కొవ్వొత్తి యిచ్చు వెలుగు సుమారొక లక్సు. పిమ్మట వాని కాలేయమునకు, మూత్రపిండములకు నెత్తురాపి చూచిరి. ఎఱ్ఱకాంతిలో నున్నవానికంటెను, సాధారణపు తెల్లదీపము క్రింద నున్నవానికంటెను వీనికి దెబ్బ తక్కువ. ఈ మేలు చర్మముపై బడిన కాంతివలన గాదు, కన్నుల ద్వారమున నాడులకు చేరిన దానివలన.

అయితే చుంచెలుక రాత్రి తిరుగు ప్రాణి, మనము పగటివారము. ఆపరేషనుకు పోవు బంధువు మంచమువద్ద నీలిబల్బు పెట్టుటకు ఇప్పుడే తొందరపడకుడు.