హౌస్ సర్జన్‌ను ఒంటరిగా నిలబెడితే నష్టం మనకే
(రుద్రవరం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన రుద్రవరం నల్లమల అంచున ఉంది. రాత్రిపూట నీళ్ళు కట్టేదానికి పోయిన రైతును పాము కరిచిందనుకోండి. ఆసుపత్రిలో శిక్షణకొచ్చిన హౌస్ సర్జన్ తప్ప పెద్ద డాక్టరు లేడు. విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. అది కొందరికి వికటిస్తుంది. కేసు పెడతారేమో, కొడతారేమో అని ఆ పిల్లోడు భయపడి "నంద్యాలకు తీసుకపోండి" అంటాడు. దారిలో ప్రాణం పోతే బాధ్యత ఎవరిది?

ప్రాణాపాయంలో ఉన్న మనిషిని కాపాడటం ప్రతి డాక్టరు విధి అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్యం ఫలించనంత మాత్రాన నేరం కాదని, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో తేల్చింది. పోలీసులు ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని, ఊరికే అరెస్టు చేయకూడదని కూడా చెప్పింది. డాక్టర్ల మీద చేయి చేసుకుంటే మూడేళ్ళ దాకా జైలు అని మన రాష్ట్రం 2008లో చట్టం చేసింది. వైద్య విద్యార్థులకూ అందులో రక్షణ ఉంది.

మరి చిక్కెక్కడ? 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ళ దాకా శిక్ష. రిజిస్టరైన డాక్టరు వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ళ దాకానే. మెడికల్ రిజిస్టర్‌లో పేరెక్కినవారే డాక్టరని వివరణ ఇచ్చారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో పనిచేసే హౌస్ సర్జన్ మాటే అందులో లేదు. అందరికంటే చిన్నవాడికి అందరికంటే పెద్ద భయమా?

నేర్చుకునేవాడు ఏం చేసినా చెల్లుతుందని మేము అనడం లేదు. తనకు చేతకానిది తెలిసీ పెద్ద డాక్టరును పిలవకపోతే తప్పే. కానీ పిలిస్తే పలికేవాడు ఉండాలి కదా! హౌస్ సర్జన్ పెద్దల పర్యవేక్షణలోనే పనిచేయాలనేది నిబంధన. ఒంటరిగా వదిలిన యంత్రాంగం తప్పించుకుని, పిల్లోడు బోనెక్కడం న్యాయమా?

అందుకే మేము అడుగుతున్నాం. హౌస్ సర్జన్‌కూ రెండేళ్ళ పరిమితి వర్తిస్తుందని చట్టంలో స్పష్టంగా రాయాలి. ప్రతి రాత్రీ బాధ్యుడైన పెద్ద డాక్టరు పేరు గోడ మీద ఉండాలి. విరుగుడు మందు, అడ్రినలిన్, ఆక్సిజన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ప్రాణం పోతే ఆ కుటుంబానికి నిజం చెప్పాలి, ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి.

2023లో నంద్యాలలో మెడికల్ కాలేజీ మొదలైంది. రేపు ఆ కుర్చీలో కూర్చునేది మన బిడ్డలే. వారి మీద చేయెత్తొద్దు. ఖాళీ కుర్చీల గురించి ప్రభుత్వాన్ని నిలదీద్దాం.