తాళంచెవి లేని తలుపు



గ్రేటర్ నోయిడాలోని ఎత్తైన అపార్టుమెంట్లలో ఇప్పుడు కొన్ని గుమ్మాలకు మామూలు తాళం కనబడదు. దాని చోట నల్లటి అద్దపు పలక ఉంటుంది. అంకెలు నొక్కినా, వేలు ఆనించినా, ఫోనుతో ఆదేశించినా తలుపు తెరుచుకుంటుంది. ఇదే స్మార్ట్ లాక్. తాళాలకు పేరుపడ్డ అలీగఢ్ ఇక్కడికి అట్టే దూరం కాదు. అక్కడి తాళంలోనూ, ఇందులోనూ చివరికి కదిలేది లోహపు గడియే. అయితే దాన్ని కదపవచ్చునా, కూడదా అని ఇక్కడ తేల్చేది ఒక చిన్న కంప్యూటరు.

ముందు అంకెల సంగతి చూద్దాం. నాలుగంకెల రహస్య సంఖ్యలు 0000 నుంచి 9999 వరకు మొత్తం 10,000. మూడుసార్లు తప్పు నొక్కితే లాక్ కొంతసేపు పనిచేయదనుకోండి. గుడ్డిగా ప్రయత్నించే దొంగకు 10,000లో 3 అవకాశాలే. కాని రోజూ అవే అంకెలు నొక్కుతుంటే అద్దం మీద వేళ్ల జిడ్డు పడుతుంది. ఆ మరకల వల్ల నాలుగు అంకెలూ తెలిసిపోతే ఇక తేలవలసింది వాటి వరుస ఒక్కటే. 4×3×2×1, అంటే 24. అప్పుడు దొంగకు 24లో 3, అనగా ఎనిమిదింట ఒక వంతు అవకాశం! ఇందులో ఒక తమాషా ఉంది. మూడు అంకెలే తీసుకుని, ఒకదాన్ని రెండుసార్లు వాడితే మరకలు మూడే పడతాయి. పని సులువైందనిపిస్తుంది. నిజానికి వరుసలు 36 అవుతాయి. ఎలాగో కాగితం మీద వేసి చూడండి. ఆరు వేర్వేరు అంకెలైతే 720. అద్దాన్ని గుడ్డతో తుడవడం వీటన్నిటికంటే చవక.

ఇక వేలిముద్ర. లాక్ సాధారణంగా మీ వేలి బొమ్మను దాచుకోదు. గీతలు ఎక్కడ చీలాయి, ఎక్కడ ఆగాయి అన్న గుర్తులను దాచుకుంటుంది. ఎంత పోలిక ఉంటే సరిపోతుందో ఒక హద్దు పెట్టాలి. హద్దు సడలిస్తే పరాయివాడు లోపలికి రావచ్చు, బిగిస్తే ఇంట్లోవాళ్లే బయట నిలబడవచ్చు. రెండూ ఒకేసారి తగ్గించడం కష్టం. జనవరి చలికి చర్మం పొడిబారితే చాలా సెన్సర్లు తడబడతాయి. అంట్లు తోమి గీతలు అరిగిన పనిమనిషి వేలిని, వయసు మళ్లిన బామ్మగారి వేలిని కూడా అవి తరచు కాదంటాయి. అటువంటివారికి అంకెలు ఇవ్వడమే న్యాయం. ఇంకొక మాట. 2002లో జపాన్ శాస్త్రవేత్త త్సుటోము మట్సుమోటో బృందం జెలటిన్‌తో చేసిన నకిలీ వేళ్లతో వేలిముద్ర యంత్రాలను మోసగించి చూపింది. ఆ తరువాత యంత్రాలు మెరుగుపడ్డాయి. అయినా సంఖ్య బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం కదా!

కరెంటు పోతే? చాలా లాకులు బ్యాటరీలతో నడుస్తాయి. 1.5 వోల్టులవి నాలుగు వరుసగా కలిపితే 6 వోల్టులు. కాబట్టి తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లో వైఫై పెట్టె ఆగిపోతే మాత్రం ఊళ్లో ఎక్కడో ఉన్న నాన్నగారు ఫోనుతో తెరవలేరు. ఇంటర్నెట్ ఉన్నా చిక్కులు లేకపోలేదు. 2017 ఆగస్టులో అమెరికాలో లాక్‌స్టేట్ కంపెనీ పంపిన సాఫ్ట్‌వేర్ మార్పు పొరపాటున వేరే నమూనాది కావడంతో సుమారు 500 లాకులు పనిచేయడం మానేశాయి. అందుకే చాలా లాకుల్లో మూత చాటున మామూలు తాళంచెవికి రంధ్రం ఉంచుతారు. ఆ చెవిని ఇంట్లో బీరువాలో పెడితే ఏం లాభం? నమ్మకమైన పొరుగింట ఉంచాలి.

మరి బయటికి వచ్చే దారి? పన్నెండో అంతస్తులో మంటలు లేచి, పొగ కమ్మితే వేలిముద్రకూ, ఫోనుకూ వ్యవధి ఉండదు. లోపలి పిడి బ్యాటరీ అక్కరలేకుండా చేత్తో తిప్పగానే తెరుచుకోవాలి. ఈ సాయంత్రం బ్యాటరీలు తీసి, తలుపు బార్లా తెరిచి ఉంచి, ఆ పిడి తిప్పి గడియ వెనక్కి వెళుతుందో లేదో చూడండి. తరువాత మీ తమ్ముడి చేత, బామ్మగారి చేత కూడా తిప్పించండి.