పూర్వుల సైనికసేవ – ప్రమాణవిచారము

(వార్షిక మహాసభయందుఁ జదివిన యుపన్యాసము)

మావంటి విశ్రాంతోపాధ్యాయునకు ఈ వేదికపై నిలుచు భాగ్యమును గలిగించిన కార్యనిర్వాహకులకుఁ గృతజ్ఞులము. ఉపన్యాసవిషయమును వారు మా యిష్టమునకే విడిచిరి. పూర్వుల శౌర్యమును మేము మఱల నొకపరి ప్రశంసింతుమని వారు తలఁచియుందురు. కాని నేఁడు మేము వచ్చినది ప్రశంసకుఁ గాదు. మేము చేసిన యొక తప్పును మీ యెదుట దిద్దుకొనుటకు.

పది సంవత్సరముల క్రిందట ఈ మహాసభ సంచికయందే మా వంశమును గుఱించి మేమొక వ్యాసమును వ్రాసితిమి. మాకుఁ బైకి నాఱవ పురుషుఁడు కుంఫిణీవారి సేనలో సుబేదారుగా నుండెననియు, 1799వ సంవత్సరము మే నెల 4వ తేదీని జరిగిన శ్రీరంగపట్టణపు ముట్టడియందు శౌర్యముఁ జూపి వెండి పతకమును బడసెననియు, ఆ శౌర్యమునకు మెచ్చి దొరతనమువారు మా గ్రామమున నాతనికి భూమి నినామిచ్చిరనియు నందు వ్రాసియుంటిమి. చదివినవారు సంతోషించిరి. ఆ మాట పిమ్మట శుభలేఖలలోని కెక్కెను. ఇతర వ్యాసముల కెక్కెను. ఈ సంవత్సరము మన సత్రపు గోడయందు నొక శిలాఫలకమును నిలిపి యం దాతని పేరు సుబేదారు బిరుదముతోఁ జెక్కింపవలెనని తీర్మానము జరిగినది. దాతలు ద్రవ్యమును వాగ్దానము చేసిరి.

అంతలో మా తమ్ముని మనుమఁడు, కళాశాలయందుఁ జదువుకొనుచున్న బాలుఁడు, మమ్మొక ప్రశ్న యడిగెను. "తాతయ్యా, ఆయన సుబేదారనుటకు మనయొద్దఁ బ్రమాణమేమి యున్నది?" అనెను. ముప్పదియైదేండ్లు తరగతిగదిలోఁ బ్రమాణములను గూర్చి బోధించిన మాకు ఆ క్షణమున నుత్తరము తోఁచలేదు. మా తండ్రిగారు చెప్పిరి. వారికి వారి తండ్రిగారు చెప్పిరి. అంతకుఁ బైన నెవరు చెప్పిరో మేమెఱుఁగము.

శాస్త్రమున దీనికి నైతిహ్యమని పేరు. ఈ మఱ్ఱియందు యక్షుఁడున్నాఁడని యూరివారందఱు చెప్పుకొందురు. మొదటఁ జెప్పినవాఁ డెవఁడో యొక్కఁడును జెప్పలేఁడు. అట్టి వాక్యము సత్యము కావచ్చును, కాకపోవచ్చును. ఆప్తుఁడు చెప్పెనని తేలినఁగాని యది ప్రమాణము కానేరదు. మేము మా వ్యాసమున మఱ్ఱిచెట్టు యక్షునే వర్ణించితిమా యను శంక మమ్ముఁ బీడించినది. నాఁటినుండి మేము చేసిన విచారణ యిది.

మొదటిది ప్రత్యక్షము. మా యింటి పెట్టెలో నా పతకము నేఁటికి నున్నది. వెడల్పు రెండంగుళములకుఁ గొంచెము తక్కువ. ఒకవైపు సింహము పులిని గ్రిందఁ బడవేసి యణఁచుచున్నది. రెండవవైపు కోట గండిపై సేనలెక్కుచున్న దృశ్యమును, దాని క్రిందఁ బారసీకాక్షరములును గలవు. నల్లఁబడిన వెండియని మేమెల్లరము నమ్మితిమి. దానిని మా యూరి కంసాలివారి చేతఁ బరీక్షింపఁజేసితిమి. ఆయన చేతిలోఁ దూఁచి, అంచున నొకచోట మెల్లగా గీచి, "అయ్యగారూ, ఇది వెండి కాదండీ, తగరము" అనెను.

ఆ పతకముల చరిత్రము దాఁచబడినది కాదు. శ్రీరంగపట్టణ విజయమునకై కుంఫిణీవారు బర్మింగుహాము చెంత సోహో టంకశాలయందు వీనిని ముద్రింపించిరి. ప్రధానులకు బంగారము, పెద్ద యధికారులకు బంగారుపూఁత గల వెండి, తక్కిన యధికారులకు వెండి, హవల్దారు మొదలగువారికిఁ గంచు, సామాన్య సైనికులకును సిపాయిలకును దగరము – ఇది యేర్పాటు. లోహమే పదవిని జెప్పును. గ్రహీత పేరు మాత్రము పతకముపైఁ జెక్కఁబడలేదు. కాఁబట్టి మా పెట్టెలోని సాక్షి తన యజమానుని పేరుఁ జెప్పదు. అతఁడు సామాన్య సిపాయి యని మాత్రము నిర్మొగమాటముగాఁ జెప్పుచున్నది.

రెండవది పటాలము. "మనవాఁడు మొదటి పటాలమువాఁడు" అని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. ఆ మాటను బట్టి సులభముగా వెదకవచ్చునని తలఁచితిమి. కాని చెన్నపట్టణపు సేన 1796లో సంస్కరింపఁబడినప్పుడు ప్రతి రెజిమెంటునకును రెండేసి పటాలము లేర్పడెను. అనఁగా ప్రతిదానియందును నొక మొదటి పటాలము గలదు! శ్రీరంగపట్టణపు ముట్టడియందే యట్టివి పెక్కులుండెను. 1824లో మరల నన్నింటికిని గ్రొత్త సంఖ్యలు వచ్చెను. సంఖ్య యెంత చంచలమో యొక యుదాహరణము చాలును. 1806 జూలై 10వ తేదీని వేలూరియందు సిపాయిలు తిరుగఁబడిరి. క్రొత్త తలపాగలు ధరింపవలెననియు, నొసటి బొట్టును జెవిపోఁగులను విడువవలెననియు నాజ్ఞాపించుట దానికి ముఖ్యకారణము. ఆ పిమ్మట మొదటి రెజిమెంటు మొదటి పటాలము పేరు సేనాపట్టికనుండి కొట్టివేయఁబడినది. నిర్దోషులుగా మిగిలినవారు ఇరువదినాల్గవ రెజిమెంటులోఁ జేర్పఁబడిరి. 1817 నవంబరులో నాగపురము నొద్ద సీతాబల్దీ యుద్ధమున నా పటాలము పరాక్రమించి, తన పాత సంఖ్యను మరలఁ బడసినది. ఇట్టి చరిత్రములో "మొదటి పటాలము" అను నాయనమ్మ మాట యసత్యము కాదు; కాని యది యొక్కటియే దారిఁ జూపదు.

మూఁడవది లిఖితము. చెన్నపట్టణమున నెగ్మూరునందు 1909లో నిర్మించిన యెఱ్ఱని భవనమున నాఁటి దొరతనమువారి సైనికశాఖ పత్రములు గలవు. మొదట దానిని మద్రాసు రికార్డు ఆఫీసనిరి. 1973నుండి తమిళనాడు ప్రాచీనపత్రభాండాగారమని పేరు. అచ్చట మేము మూఁడు విడతలుగాఁ గూర్చుండి చదివితిమి. లెఫ్టినెంటు కర్నలు విల్సను రచించి 1882 మొదలుకొని ప్రకటించిన మద్రాసు సేనాచరిత్రమునుగూడ సంపుటము వెంట సంపుటముగాఁ జూచితిమి. ఏ పటాలము ఏ దినమున నేయూర విడిసెనో యందుఁ దెలియును. దొరల పేర్లన్నియుఁ దెలియును. సుబేదారుల, జమేదారుల పేర్లు బహుమానముల సందర్భమునను, విచారణల సందర్భమునను నచ్చటచ్చటఁ దెలియును. సామాన్య సిపాయి మాత్రము అంకెగానే యుండును: ఇంతమంది హతులు, ఇంతమంది క్షతగాత్రులు.

ఇందులకుఁ గారణము గలదు. కుంఫిణీ కొలువునందలి యూరపు సైనికుల పట్టికలు ఏఁటేఁట లండనునకుఁ బంపఁబడెను. అవి నేఁడు బ్రిటిషు లైబ్రరీయందు భద్రముగా నున్నవి. మన సిపాయిల పేర్ల పుస్తకములు పటాలముల యొద్దనే యుండెను. పటాలములు రద్దయినకొలఁది నవియును జాలవఱకు నశించెను. కావున నాతని పేరు దొరకకపోవుట యాతఁడు లేఁడనుటకుఁ బ్రమాణము కాదు. ఉండినచోఁ గనఁబడవలసిన తావునఁ గనఁబడనప్పుడే లేమి సిద్ధించునని మీమాంసకులు చెప్పుదురు. సిపాయి పేరు అచ్చటఁ గనఁబడవలసినది కానే కాదు.

ఇచ్చట మన సంఘమువారు గమనింపవలసిన యంశము మఱొకటి గలదు. ఆ సేన లెక్కలలో జాతివారీ పట్టికలు గలవు. ముసల్మానులు, తెలంగులు, అరవలు, మహారాష్ట్రులు, ఇతరులు – ఇట్టి శీర్షికలే యందుఁ గనఁబడును. తెలుఁగు మాటలాడు నానాకులములవారును "తెలంగు" లను నొక్క గడిలోనే యిమిడిరి. 1757 ప్రాంతమున క్లైవుతో వంగదేశమునకు వెడలిన మద్రాసు సిపాయిలను బట్టి యుత్తరదేశమున సిపాయి యన్నవాఁడెల్లఁ "దిలంగా" యయ్యెను. ఆ కీర్తి యే యొక్క కులమునకును జెందినది కాదు. పటాలపు లెక్క మన కులము నెఱుఁగదు. ఆ గడిలోనుండి మన వారిని మాత్రమే యేఱి చూపుదుమనుట సాహసము.

నాల్గవది భూమి. ఇనాములను బరిశీలించుటకు 1858లో ఇనాము కమిషను ఏర్పడినది. ప్రతి గ్రామమునందును ప్రతి యినామును ఎవరిది, ఎందులకై కలిగినది, ఎవరి యనుభవములో నున్నదని విచారించి వారు రిజిస్టరులు వ్రాసిరి. మన వంశచరిత్రములకు నింతకు మించిన నిధి వేఱొకటి లేదని మా దృఢాభిప్రాయము. నెల్లూరు మండలపు మెట్టసీమలోని మా గ్రామపు రిజిస్టరు నకలును సంపాదించితిమి. అందు మా భూమి యున్నది. అనుభవదారు మా పూర్వుని మనుమఁడు. కాని "శౌర్యమునకై" అను మాట లేదు. ఆ గడిలో నున్న మాట "దశబంధము".

దశబంధమనఁగా నేమో చిన్నవారికిఁ దెలియదు. తన ద్రవ్యముతోఁ జెఱువునో బావినో త్రవ్వించి గాని, చెడిన గట్టును బాగుచేయించి గాని, యా పిమ్మట దానిని గాపాడుచుండువానికి నిచ్చు నినాము దశబంధము. చెఱువు బాగుగా నున్నంతవఱకే యా భూమి. రిజిస్టరునందు మా పూర్వుని గుఱించి యున్నది రెండు పంక్తులు: సర్కారు కొలువున సిపాయిగా నుండి వచ్చినవాఁడు, తెగిన చెఱువు గట్టును స్వంత ద్రవ్యముతోఁ గట్టించినవాఁడు.

ఆ దినమున నా కాగితమును జేతఁబట్టుకొని మేము చాలసేపు మాటలేక కూర్చుంటిమి. తగరపు పతకము "సిపాయి" యన్నది. రిజిస్టరు "సిపాయి" యన్నది. ఒకదాని నొకటి యెఱుఁగని రెండు సాక్షులు ఒకే మాటఁ జెప్పినవి. మా వ్యాసము మాత్రమే "సుబేదా"రన్నది.

మొదట మాకు సిగ్గు గలిగినమాట నిజము. పిమ్మట నాలోచింపఁగా నిట్లు తోఁచినది. శ్రీరంగపట్టణమున దొరకిన కొల్లసొమ్ములో సేనాధిపతి హారిసుకు లక్షకుఁ బైఁబడిన పౌనులు ముట్టెను; సామాన్య సిపాయికి ముట్టినవి కొలఁది పౌనులు. గండి యెక్కినప్పుడు తగిలిన గుండు మాత్రము తారతమ్య మెఱుఁగదు. అట్టి కొలువునుండి ప్రాణముతోఁ దిరిగివచ్చినవాఁడు తన కూడఁబెట్టినది తెచ్చి యూరి గట్టునకుఁ బోసెను. సప్తసంతానములలోఁ దటాకమును జేర్చిన పెద్దలు సుబేదారీని జేర్చలేదు. ఇన్నాళ్లును మేమాతనికి లేని బిరుదమును దగిలించి, ఉన్న పుణ్యమును మఱచితిమి. ఇది యాతనికి మేము చేసిన యపచారము.

కావున నీ మహాసభ సాక్షిగా మా పూర్వవ్యాసమునందలి మూఁడు మాటలను నుపసంహరించుకొనుచున్నాము: సుబేదారు కాదు, సిపాయి, వెండి కాదు, తగరము, శౌర్యపుటినాము కాదు, దశబంధము. మా వ్యాసమును నమ్మి వ్రాసినవారు దయతో వీనిని దిద్దుకొందురుగాక.

తమ వంశములను వెదకఁగోరు యువజనులకు మా యనుభవముఁ గొంత మనవి చేయుదుము. మొదట నింటిలోని వృద్ధుల మాటను ఉన్నదున్నట్లు వ్రాసికొనుఁడు, మెఱుఁగు పెట్టకుఁడు. అందు పేరు, ఊరు, సంవత్సరము, పటాలము అను నాల్గింటిలో నేవి గలవో వేఱుగా వ్రాయుఁడు. పిదప గ్రామపు ఇనాము రిజిస్టరును జూడుఁడు. పాళెగాండ్రయొద్దఁ గట్టుబడి బంట్లుగా నుండినవారి సంతతివారు, కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున కర్నలు మెకంజీ కూర్పించిన కైఫీయతులను జదువవలెను. మొగలు కొలువున నుండినవారిని గూర్చి వెదకువారికి హైదరాబాదునందలి తెలంగాణ రాష్ట్రభాండాగారము శరణ్యము. అందలి "అర్జ్ ఒ చెహ్రా" యను పారసీకపు పట్టీలలో సైనికుని తండ్రి పేరును, ముఖచిహ్నములును, గుఱ్ఱపు గుర్తులును సైతము గలవు. 1914–18, 1939–45 యుద్ధములలో మరణించినవారి పేర్లు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి పట్టికలలో దొరకును. ఢిల్లీయందలి జాతీయభాండాగారమువారు "అభిలేఖ్ పటల్" అను పేర నెన్నియో పత్రములను ఇంట గూర్చుండి చూచునట్లు చేసిరి. దొరకినదానిని వ్రాయుఁడు. మీ పూర్వుఁడు చిన్నవాఁడని తేలినను జంకకుఁడు.

ఇఁక శిలాఫలకము మాట. దాతల యౌదార్యమునకు మేము ఋణపడియున్నాము. మా ప్రార్థన యిది: ఫలకము చిన్నదిగా నుండనిండు, దానిపై "సిపాయి, చెఱువు గట్టు కట్టించినవాఁడు" అను మాటలే యుండనిండు. మిగిలిన ద్రవ్యమును మా యూరి చెఱువునకు వినియోగింపుఁడు. ఆ గట్టు నేఁడు మరల బలహీనపడినది, తూము పూడినది, దిగువ పొలములు వానకై యెదురుచూచుచున్నవి. ఆ నీరు త్రావువారు అన్ని కులములవారును. దశబంధపు ధర్మము మాది. దానిని మేమే చిరకాలముగా నుపేక్షించితిమి. మా వంతుగా మా యుపకారవేతనమునుండి యొక సంవత్సరపు మొత్తమును ఆ పనికి సమర్పించుచున్నాము.